నాలుగు రోజుల్లో 17 స్థలాలు వద్దు

నమస్కారం. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు, మీ శ్రీమతి, పదకొండేళ్ళ పాప, ఏడేళ్ళ బాబు, అరవై దాటిన మీ అమ్మానాన్నలు కలిసి డిసెంబరు చివరి వారంలో హైదరాబాదు నుంచి శ్రీకాకుళం, విజయనగరం వైపు నాలుగు రోజులు వస్తున్నారు. పోయిన వేసవిలో మరో చోటికి వెళ్ళి ఏడు రోజుల్లో 14 స్థలాలు చూశారు. బాగా ఖర్చయింది, ఇంటికి వచ్చాక రెండు రోజులు పడుకున్నారు. ఇప్పుడు పిల్లలను ఏం చూశారని అడిగితే హోటల్లో ఈతకొలను ఉందని మాత్రం చెబుతున్నారు. ఈసారి అలా కాకూడదని 17 స్థలాల జాబితా రాసి, ఏ వరుసలో చూస్తే మంచిదని అడిగారు.

వరుస సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ జాబితాలో 11 పేర్లు కొట్టేయండి. మిగిలిన ఆరింటిలో ఒక చోటికి రెండుసార్లు వెళ్ళండి, ఒకసారి సాయంత్రం, ఒకసారి తెల్లవారగానే. రోజుకు ఒక పూట ఏ పనీ లేకుండా వదిలేయండి. పిల్లల చేతులు ఏదో ఒక పనిలో తడవాలి, మురికి కావాలి. జాబితాలో లేని ఒక ఊరిని కూడా చేర్చండి. అది ఏ ఊరో కింద చెబుతాను. నాకు తెలిసినంతలో సెలవు గుర్తుండిపోవడానికి ఇవే దారులు.

ఈ మాట ఊరికే చెప్పడం లేదు. 1998 నుంచి శ్రీకాకుళంలో టూరిస్టు వ్యాను నడిపాను, ఇప్పుడు మూడు బండ్లు చూసుకుంటున్నాను. మొదటి పదేళ్ళూ నేను కూడా ఎక్కువ చూపిస్తేనే మంచి పని చేసినట్టని నమ్మాను. ఒకే రోజులో అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం, శ్రీముఖలింగం తిప్పి తీసుకురాగలనని చెప్పుకునేవాణ్ణి. నిజంగానే తిప్పేవాణ్ణి.

ఒకసారి అలాగే ఒక కుటుంబాన్ని తిప్పాను. వాళ్ళతో డెబ్బై దాటిన ఒక పెద్దావిడ ఉన్నారు. ముఖలింగం చూడాలన్నది ఆవిడ ఎన్నో ఏళ్ళ కోరికని పొద్దున బయలుదేరేటప్పుడే ఆవిడ కొడుకు నాతో చెప్పాడు. మేము ముఖలింగం చేరేసరికి చీకటి పడింది. వంశధార ఒడ్డున గాంగరాజుల కాలపు గుడి అది. గోడల మీద చెక్కిన బొమ్మలను ఎండలోనే చూడాలి. ఇప్పచెట్టే లింగమైందని, అందుకే స్వామికి మధుకేశ్వరుడని పేరు వచ్చిందని చెప్పే స్థలపురాణం తీరికగా కూర్చుని వినాలి. మేము టార్చి వేసుకుని పది నిమిషాల్లో దర్శనం ముగించి బయటికి వచ్చాం. బండి ఎక్కుతూ ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "బాబూ, ఇప్పుడు చూసింది ఏ గుడి?" అని అడిగారు.

నాకు నోట మాట రాలేదు. ఆవిడ పొద్దుటి నుంచీ నాలుగు చోట్ల మెట్లు ఎక్కి దిగారు, సరిగ్గా తినలేదు, మోకాళ్ళు పట్టేశాయి. తాను ఎదురుచూసిన గుడిలోనే నిలబడి ఉన్నా ఆవిడకు తెలియలేదు. ఆ రోజు నుంచి నేను బండి నడిపే పద్ధతి మార్చుకున్నాను.

ఒకే చోటికి రెండుసార్లు ఎందుకు వెళ్ళాలంటే, కొత్త చోట మొదటిసారి మన కళ్ళు చోటును చూడవు, దారి వెతుకుతాయి. చెప్పులు ఎక్కడ వదలాలి, మరుగుదొడ్డి ఎక్కడుంది, బాబు ఎటు పరుగెత్తాడు, బండి ఎక్కడ నిలిపారు, ఇదే ధ్యాస. రెండోసారి వెళ్ళినప్పుడు ఆ చింతలేవీ ఉండవు కాబట్టి అసలైన చోటు కనిపించడం మొదలవుతుంది.

కొన్నేళ్ళ క్రితం విజయవాడ నుంచి ఒక జంట తొమ్మిదేళ్ళ కొడుకుతో వచ్చారు. సాయంత్రం కళింగపట్నం బీచికి తీసుకెళ్ళాను. అందరిలాగే లైట్‌హౌస్ దగ్గర ఫొటోలు దిగారు, మొక్కజొన్న పొత్తులు తిన్నారు. ఇసుకలో ఒక మత్స్యకారుడు వల బాగుచేసుకుంటుంటే పిల్లవాడు పక్కనే కూర్చుని చూశాడు. "రేపు పొద్దున్నే పెద్దవల లాగుతాం, చూస్తావా?" అని ఆయన అడిగాడు. మరునాడు వాళ్ళ కార్యక్రమం వేరు. నేను బతిమాలినట్టే అడిగి, ఆ కార్యక్రమాన్ని మధ్యాహ్నానికి మార్పించాను.

తెల్లవారేసరికి అక్కడున్నాం. పెద్దవల అంటే పడవలో తీసుకెళ్ళి సముద్రంలో అర్ధచంద్రాకారంగా వేసి వస్తారు. రెండు కొసల తాళ్ళూ ఒడ్డునే ఉంటాయి. ఒక్కొక్క తాడు దగ్గర పదిమంది పైగా నిలబడి, పాట మీద అడుగులు వెనక్కి వేస్తూ లాగుతారు. వెనక చివరికి చేరినవాళ్ళు తాడు వదిలి, నీళ్ళలోకి నడిచి వెళ్ళి మళ్ళీ ముందు పట్టుకుంటారు. పిల్లవాణ్ణి మధ్యలో నిలబెట్టారు. తడి తాడు బరుసుగా ఉంటుంది, అందులో ఇసుక కూడా. కాసేపటికే వాడి అరచేతులు కందిపోయాయి. తల్లి వచ్చెయ్యమంది, వాడు వదల్లేదు. గంట దాటాక వల ఒడ్డుకు వచ్చింది. లోపల వెండి రేకుల్లా నెత్తళ్ళు ఎగిరిపడుతున్నాయి, రెండు పీతలు వల కన్నుల్లో కాళ్ళు ఇరికించుకుని ఉన్నాయి. ముందురోజు పిలిచిన ఆయన రెండు గుప్పెళ్ళ నెత్తళ్ళు వాడి తువ్వాలులో పోసి, "ఇవి నీ వాటా" అన్నాడు. ఆ పూట మేము దిగిన చోట వంటమనిషితో వాటిని వేయించి పెట్టించాను.

నాలుగేళ్ళ తర్వాత ఆ తండ్రి ఫోను చేశాడు. "ఆ వలను ఏమంటారండీ? మావాడు ఎవరికో చెబుతూ పేరు మరిచిపోయాడట" అని. ఆ ప్రయాణంలో వాళ్ళు ఇంకా ఏం చూశారో ఆయనకే గుర్తులేదు.

ఇది ఏర్పాటు చేసి చూపించే ప్రదర్శన కాదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. వల రోజూ వేయరు. గాలి, కెరటం, చేపల జాడ చూసుకుని వాళ్ళే నిర్ణయించుకుంటారు. ముందు సాయంత్రం వెళ్ళి అడగాలి, ఒప్పుకుంటేనే పట్టుకోవాలి. "అనుభవం" కోసం డబ్బు చేతిలో పెట్టకండి, వాళ్ళ దగ్గర చేపలు కొనండి. వంశధార సముద్రంలో కలిసే చోటు అది, అక్కడ పిల్లలను నీళ్ళలోకి దింపవద్దు.

ఇక జాబితాలో లేని ఊరు. మీ ప్రశ్న చివర "మా నాన్నగారు ఐదో తరగతి వరకు టెక్కలిలో చదివారు, తర్వాత మళ్ళీ వెళ్ళలేదు" అని ఒక వాక్యం రాశారు. మీ 17 పేర్లలో టెక్కలి లేదు. నేను మీ స్థానంలో ఉంటే మిగతా 17 వదిలేసైనా టెక్కలి వెళ్తాను.

శ్రీకాకుళం నుంచి జాతీయ రహదారి మీద సుమారు 50 కిలోమీటర్లు. ఒక రోజు మొత్తం దానికే ఇవ్వండి. అక్కడికి చేరాక మీరు దారి చూపించకండి, ఫోనులో మ్యాపు తెరవకండి. మీ నాన్నగారిని ముందు నడవనివ్వండి, పిల్లలు ఆయన వెనక నడుస్తారు. ఆయన తప్పు వీధిలోకి వెళ్తారు, వెళ్ళనివ్వండి. ఎవరినో ఆపి అడుగుతారు, అడగనివ్వండి. ఒక విషయం ఆయన్ని తప్పకుండా అడగండి. ఆయన చిన్నప్పుడు టెక్కలి మీదుగా చిన్న రైలు (న్యారోగేజి) నడిచేది. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో వేసిన లైను, తర్వాత గుణుపురం దాకా సాగింది. ఇప్పుడది పెద్ద లైను (బ్రాడ్‌గేజి) అయిపోయింది. ఆ రోజుల్లో అక్కడ పెరిగిన పిల్లల్లో ఆ చిన్న రైలు గురించి కథ లేనివాళ్ళు నాకు తారసపడలేదు.

ఇలాంటి ప్రయాణాలకు చాలామందిని తీసుకెళ్ళాను. అన్నీ సంతోషంగా సాగవు. ఒకాయన ఇచ్ఛాపురం వైపు తాను పుట్టిన ఇంటిని చూడాలని వచ్చారు. ఇల్లు లేదు, ఆ స్థలంలో ఇటుకల గోడౌను ఉంది. ఆయన ముఖం చూసి, తీసుకురాకుండా ఉండాల్సిందని అనుకున్నాను. పక్క సందులో నుయ్యి మాత్రం మిగిలింది, దాని మీద ఇనుప జాలీ వేసి ఉంది. ఆయన ఒంగి, గట్టు రాయి మీద తాడు ఒరిసి పడిన గాళ్ళలో వేలు పెట్టి, ఒకటి, రెండు, మూడు అని మనవరాలికి లెక్కపెట్టి చూపించారు. "ఈ మూడోది మా అమ్మ చేద వేసే చోటు" అన్నారు. తిరుగు ప్రయాణంలో శ్రీకాకుళం దాకా ఆయన మాట్లాడుతూనే ఉన్నారు. వెనక సీటులో మనవరాలు ఫోను ముట్టుకోలేదు. ఇల్లు కనబడలేదన్న బాధ ఉంది, నిజమే. కానీ బాధ ఉన్నంత మాత్రాన సెలవు చెడిపోదు. మీ నాన్నగారి కళ్ళు తడిస్తే కంగారుపడి మాట మార్చకండి.

టెక్కలి పక్కనే తేలినీలాపురం ఉంది. డిసెంబరులో అక్కడి చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు), రంగు కొంగలు గూళ్ళు కట్టుకుని ఉంటాయి. సెప్టెంబరు నుంచి మార్చి వరకు అవి ఉండే కాలం. ఈ పక్షులు రావడం తమకు శుభమని ఆ ఊరివాళ్ళ నమ్మకం. మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్కడికి వెళ్ళి, మెట్లెక్కలేని మీ అమ్మగారిని నీడలో కుర్చీ వేసి కూర్చోబెట్టండి. దగ్గరికి వెళ్తే ముందు వాసన, తర్వాత రొద, ఆ తర్వాత పక్షులు. చప్పుడు చేయవద్దని పిల్లలకు ముందే చెప్పండి.

పొందూరుకు ఒక పూట ఇవ్వండి. మీరు జాబితాలో "ఖాదీ షాపింగ్, అరగంట" అని రాశారు. చీర కొనడానికే అయితే అరగంట చాలు. నేను చెప్పేది వేరు. పొందూరులో సన్న ఖాదీ నూలు వడికే ఇళ్ళున్నాయి. దూది శుభ్రం చేయడానికి అక్కడ వాడేది వాలుగ చేప దవడ. ఒక్కసారి చేతిలోకి తీసుకుని చూడమనండి, దువ్వెన పళ్ళకన్నా సన్నగా, దగ్గరదగ్గరగా వరుసగా పళ్ళుంటాయి. గింజతో ఉన్న పత్తిని ఆ పళ్ళ మీదుగా లాగుతుంటే నలుసులు రాలిపోయి పోగులన్నీ ఒకే వైపు తిరుగుతాయి. ఆ తర్వాత గింజ తీయడం, ఏకడం, ఏకులు చుట్టడం, రాట్నం మీద వడకడం. ఒకసారి నాతో వచ్చిన ఒక అమ్మాయికి ఒక పెద్దావిడ రాట్నం ఇచ్చింది. దారం తెగింది, అతికించింది, మళ్ళీ తెగింది. అరగంట గడిచాక మూరెడు దారం వచ్చింది. ఆ పెద్దావిడ దాన్ని తుంచి అమ్మాయి మణికట్టుకు కట్టింది. ఆ అమ్మాయి ఇంటికి చేరేదాకా దాన్ని విప్పలేదని తర్వాత చెప్పారు.

ఇక్కడ కూడా ఒక మర్యాద ఉంది. వాళ్ళకు చేసిన పనిని బట్టే డబ్బు వస్తుంది. మీ కోసం గంట ఆగితే ఆ గంట కూలి పోయినట్టే. కాబట్టి ఏదో ఒకటి కొనండి, ధర దగ్గర గీచిగీచి బేరమాడకండి.

దేవాలయాల గురించి పొడుగ్గా చెప్పను, మీ అమ్మగారే నాకన్నా బాగా ఎంచుకుంటారు. అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకేది మార్చి, అక్టోబరు నెలల్లో. డిసెంబరులో ఆ దృశ్యం ఉండదు, పిల్లలకు ముందే చెప్పండి, లేకపోతే నిరాశ పడతారు. ఆదివారం వద్దు. శ్రీకూర్మంలో రెండు ధ్వజస్తంభాలుంటాయి, మూలవిరాట్టు పడమటి ముఖంగా ఉంటాడు. అవి రెండూ పిల్లలనే కనిపెట్టమనండి. అక్కడి నక్షత్ర తాబేళ్ళ దగ్గర మీ బాబు ఎంతసేపు నిలబడితే అంతసేపు ఆగండి. శాలిహుండం బౌద్ధ స్తూపాలు నాకు ప్రాణం, కానీ కొండ ఎక్కాలి, మీ పెద్దవాళ్ళకు కష్టం. ముఖలింగాన్ని ఈసారికి వదిలేయండి. దానికి ఒక మధ్యాహ్నమంతా ఇవ్వగలిగిన రోజున రండి, నేనే తీసుకెళ్తాను.

చివరి రోజును అందరూ పాడుచేసుకుంటారు. మిగిలిపోయినవన్నీ ఆ రోజుకు తోసి, కొనుగోళ్ళు పెట్టుకుని, రైలుకు పరుగెత్తి, ప్లాట్‌ఫారం మీద ఒకరినొకరు కసురుకుంటారు. మా బండి ఎక్కిన ఒక మనస్తత్వశాస్త్ర అధ్యాపకుడు దీని మీద ఒక ప్రయోగం గురించి చెప్పారు. 1993లో మనస్తత్వశాస్త్రవేత్త డేనియల్ కానెమన్, ఆయన సహచరులు ప్రచురించినది. ఒకసారి 14 డిగ్రీల చల్లటి నీళ్ళలో 60 సెకన్లు చెయ్యి పెట్టించారు. మరోసారి అవే 60 సెకన్లు, దానికి తోడు ఇంకో 30 సెకన్లు. ఆ చివరి 30 సెకన్లలో నీటిని ఒక్క డిగ్రీ వేడెక్కించారు. మళ్ళీ చేయాల్సివస్తే ఏది చేస్తారంటే ఎక్కువమంది రెండోదే కోరుకున్నారు. బాధ ఎక్కువసేపు ఉన్నా, ముగింపు కాస్త నయం కాబట్టి అదే మేలనిపించింది. అది విన్నాక నాకు 20 ఏళ్ళ ప్రయాణాలు కళ్ళముందు తిరిగాయి. మూడు రోజులు హాయిగా గడిపి చివరి గంటలో గొడవపడిన కుటుంబాలు మళ్ళీ నా బండి ఎక్కలేదు.

మీ పాప వీణ నేర్చుకుంటోందని రాశారు కాబట్టి చివరి రోజు ఆమెది. పొద్దున్నే శ్రీకాకుళం నుంచి రాజాం మీదుగా బొబ్బిలి వెళ్ళండి, దారిలో ఎక్కడా దిగకండి. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణలు చేసే కుటుంబాలున్నాయి. పనసచెట్టు మానునే తొలిచి కుండ, దండి అతుకు లేకుండా ఒకే చెక్కలో తీసే ఏకాండి వీణ వాళ్ళ ప్రత్యేకత. తాను రోజూ ఒడిలో పెట్టుకునే వీణ ఇంకా మానుగా ఉన్నప్పుడు ఎలా ఉంటుందో మీ పాప చూస్తుంది, ఆ పనస చెక్క పసుపుదనం, వాసన ఆమెకు తెలుస్తాయి. అక్కడ ఒక పాట వాయించమని మీ పాపను అడగండి, వాయిస్తుంది. అక్కడి నుంచి విజయనగరం. సాయంత్రం కోట ముందు నుంచి నడుస్తూ సంగీత కళాశాల దాకా వెళ్ళండి. 1919లో మొదలైన ఆ కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు. లోపల ఎవరైనా సాధన చేస్తుంటే గోడ పక్కన నిలబడి విన్నా చాలు. రైలుకు రెండు గంటల ముందే భోజనాలు ముగించుకుని స్టేషనుకు చేరండి.

బయలుదేరకముందు ఒక పని చేయాలి. నెదర్లాండ్స్‌లో 1,530 మంది మీద చేసి 2010లో ప్రచురించిన ఒక పరిశీలన గురించి కూడా ఆ అధ్యాపకుడే చెప్పారు. సెలవుకు వెళ్ళేవాళ్ళు వెళ్ళకముందే మిగతావాళ్ళకన్నా ఎక్కువ ఆనందంగా ఉన్నారట. తిరిగొచ్చాక ఆ తేడా నిలిచింది చాలా విశ్రాంతిగా గడిపి వచ్చినవాళ్ళకే. కాబట్టి ఎదురుచూడటం కూడా సెలవులో భాగమే, దాన్ని పిల్లలకు ఇవ్వండి. పాపకు గొల్లపల్లి బాధ్యత, బాబుకు పక్షుల బాధ్యత అప్పగించండి. ఆ రోజు మిగతావాళ్ళకు వివరించాల్సింది వాళ్ళే.

మిగిలినవి చిన్న విషయాలు, కానీ సెలవులు చెడేది ఎక్కువగా వీటి దగ్గరే. పొద్దున ఎనిమిదిన్నరకల్లా అందరి కడుపులూ నిండాలి. మధ్యాహ్నం పన్నెండున్నర దాటనివ్వవద్దు, ఆకలి మీదున్న పిల్లవాడికి ఏ గుడీ అందంగా కనబడదు. భోజనం తర్వాత మీ అమ్మానాన్నలకు రెండు గంటల పడక ఉండాలి, నేను చెప్పిన ఖాళీ పూట ఇదే. మూడు రాత్రులూ శ్రీకాకుళంలో ఒకే చోట ఉండండి, రోజూ పెట్టెలు సర్దే బాధ తప్పుతుంది. శ్రీకాకుళం రోడ్ స్టేషను ఉండేది ఆమదాలవలసలో, ఊళ్ళో కాదు. బండిని అక్కడికే రమ్మనండి. దారిలో తేగలు అమ్ముతుంటారు, అది వాటి కాలమే. ఒక కట్ట కొని, ఎలా చీల్చుకుని తినాలో పిల్లలకు మీ నాన్నగారి చేత చూపించండి.

ఈ రాత్రి భోజనాల దగ్గర మీ నాన్నగారిని రెండు విషయాలు అడగండి, ఆయన బడి ఏ వైపు ఉండేది, చిన్న రైలు ఎప్పుడైనా ఎక్కారా అని. ఆయన చెప్పింది ఇక్కడ రాయండి. టెక్కలిలో నాకు తెలిసిన పాతవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు. బడి ఆనవాళ్ళు ముందే కనుక్కుని ఉంచుతాను.